"అందరికీ ఓకేనా?" అని అడక్కండి

మా అపార్ట్‌మెంట్లో 40 ఫ్లాట్లు. రెండేళ్ళ కిందట, నేను సెక్రటరీగా ఉన్నప్పుడు, సెల్లార్లో ప్లాస్టిక్ కుర్చీలు వేసి మీటింగ్ పెట్టాం. "రెండో బోరు వేయిద్దాం, ఫ్లాటుకి 8 వేలు. అందరికీ ఓకేనా?" అన్నారు ప్రెసిడెంటుగారు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. 600 అడుగులు దించినా దుమ్మే వచ్చింది. ఆ వారమంతా లిఫ్టులో కలిసిన ప్రతి ఒక్కరూ "నాకు ముందే అనుమానంగా ఉందండీ" అన్నవాళ్ళే! పక్కవాళ్ళకి లేని అనుమానం మనకెందుకని ఎవరికి వాళ్ళు ఊరుకున్నారు.

ఇది మన మొహమాటం మాత్రమే అనుకోకండి. 1950ల్లో అమెరికాలో సాలమన్ ఆష్ అనే సైకాలజిస్టు ఒక గీత చూపించి, మరో మూడు గీతల్లో దానికి సమానమైనది ఏదని అడిగాడు. చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. కానీ గదిలో ఒక్కరు తప్ప మిగతావాళ్ళంతా ఆష్ మనుషులే. కావాలనే అందరూ ఒకే తప్పు చెప్పేవారు. అలా ఇరుక్కున్నవాళ్ళలో నూటికి 75 మంది ఒక్కసారైనా ఆ తప్పుకే వంత పాడారు.

దీనికి విరుగుడూ ఆ ప్రయోగంలోనే ఉంది. గుంపులో ఇంకొక్కరు సరైన జవాబు చెప్తే చాలు, తప్పులు నాలుగో వంతుకి పడిపోయాయి. అందుకే మీటింగుకి ముందురోజే ఒకరిద్దరిని కలవండి. మిమ్మల్ని సమర్థించమని కాదు, మనసులో ఉన్నది పైకి అనమని అడగండి. మా మూడో ఫ్లోర్ టీచరుగారు "బోరు పడకపోతే డబ్బు సంగతేంటి?" అని ఆ రోజు ఒక్క మాట అనుంటే, పది నోళ్ళు లేచేవి.

ప్రెసిడెంటు లాంటి పెద్దాయన అభిప్రాయం చివర్లో రావాలి. దీనికి ఆయన్ని ఒప్పించడమే కష్టం. నేనైతే "ముందు అందరివీ విని, మీరు తేల్చండి సార్" అన్నాను, పనిచేసింది.

డబ్బు విషయమైతే చీటీలు పెట్టండి. వాట్సాప్ పోల్ వద్దు, మామూలుగా అందులో ఎవరు దేనికి నొక్కారో పేర్లతో సహా కనిపిస్తుంది. చీటీలో కూడా మాటలు రాయించకండి, చేతిరాత పట్టేస్తారు. టిక్కో ఇంటూనో చాలు, పెన్నులు అన్నీ ఒకే రంగువి ఇవ్వండి.

మెట్ల దగ్గర బల్బు మార్చడానికి మాత్రం ఇంత హడావుడి అక్కర్లేదు. వాచ్‌మన్‌కి చెప్తే సరిపోతుంది.