మయస్థీనియా: మాత్రలు వేసుకుంటున్నా రెప్పలు మళ్లీ వాలుతున్నాయా?

మయస్థీనియా అంటే కండరాలు వాడేకొద్దీ అలిసిపోయే జబ్బు. మొన్నటిదాకా బాగానే ఉన్నారు, మాత్రలూ వేళకే వేసుకుంటున్నారు. ఈ వారం మాత్రం పొద్దుగూకేసరికి రెప్పలు వాలుతున్నాయి, అన్నం సగంలోనే దవడ అలిసిపోతోంది, ఒక మనిషి ఇద్దరిలా కనిపిస్తున్నాడు. ఇలా వచ్చేవాళ్లు ముందు అడిగేది "డోసు పెంచమంటారా?" అనే. దయచేసి ఆగండి. ఈమధ్య ఒంట్లోకి కొత్తగా వెళ్లిన మందు ఏదో ముందు చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఇదొక్కటే వదిలేస్తున్నారు.

కారణం: నరం చివర విడుదలయ్యే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం కండరం మీది గ్రాహకాలను (రిసెప్టర్లను) అంటుకుంటేనే కండరం బిగుస్తుంది. ఈ జబ్బున్న ఎక్కువమందిలో మన రోగనిరోధక వ్యవస్థే ఆ గ్రాహకాల మీదికి యాంటీబాడీలను తయారుచేస్తుంది. అవి కొన్నిచోట్ల గ్రాహకాన్ని కప్పేస్తాయి, కొన్నిచోట్ల రెండేసి గ్రాహకాలను జతకట్టి కండరం లోపలికి లాగించి అరిగిపోయేలా చేస్తాయి. రక్తంలో ఉండే కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రొటీన్లను రప్పించి కండరం పై పొరనే చిదిమేయడం అన్నిటికన్నా పెద్ద నష్టం. 1973లో పాట్రిక్, లిండ్‌స్ట్రమ్ అనే శాస్త్రవేత్తలు ఎలక్ట్రిక్ ఈల్ చేప గ్రాహకాలను కుందేళ్లకు ఎక్కిస్తే వాటి కండరాలూ ఇలాగే చచ్చుబడ్డాయి.

కండరాన్ని వాడేకొద్దీ నరం వదిలే రసాయనం ఎవరికైనా కొంత తగ్గుతుంది. మిగతావాళ్లకు మిగులు బోలెడంత ఉంటుంది కాబట్టి తెలియదు. గ్రాహకాలు పోయినవాళ్లకు ఆ మిగులే లేదు. పొద్దున తేలిగ్గా లేచి సాయంత్రానికి డీలా పడేది అందుకే. ఇంకెవరినీ ఏమీ చేయని మందు వీళ్లను మంచాన పడేసేదీ అందుకే.

రెండేళ్లుగా కుదురుగా ఉన్న ఒక పెద్దాయన ఓసారి మెడ నిలవక, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వచ్చారు. జ్వరం లేదు, యాంటీబయాటిక్ వాడలేదు. ఈ జబ్బుకు రోజూ వేసుకునే పిరిడోస్టిగ్మిన్ మాత్ర పెంచాను. వారానికి పరిస్థితి ఇంకా దిగజారింది, పైగా విరేచనాలు. ఇంట్లో ఉన్నవన్నీ తెమ్మంటే ఆయన భార్య సంచిలోని మాత్రల అట్టలన్నీ బల్ల మీద పరిచింది. అడుగున చిన్న చుక్కల సీసా ఉంది. "అది నీటికాసులకు మేడమ్, కంట్లో చుక్కలే కదా అని చెప్పలేదు." ఆ చుక్కలు టిమోలాల్, ఈ జబ్బులో బలం తగ్గించగల మందు. కంట్లో వేసినది ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది. కంటి డాక్టరుతో మాట్లాడి మార్పించాక మెల్లగా మెడ నిలబడింది. అప్పటినుంచి మాత్రలు, చుక్కలు, సూదులు, సెలైన్‌లో కలిపినవి విడివిడిగా అడుగుతాను.

ఏం చేయాలి: ఈ జబ్బును రేపగల మందులివి. గుండెదడకు ఇచ్చే ప్రొప్రనొలాల్, జెంటామైసిన్, అమికాసిన్ సూదులు, సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్, నరంలోకి ఎక్కించే మెగ్నీషియం: ఈ పేర్లు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర జ్వరానికి సూది వేయించుకునేముందు జబ్బు పేరు చెప్పండి, సూది పేరు రాయించుకోండి. అలాగని మొదలుపెట్టిన మందును మీకు మీరే ఆపొద్దు. ఇన్ఫెక్షన్ కూడా ఈ జబ్బును రేపుతుంది, దానికి వైద్యం కావాలి. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ రకాలు సాధారణంగా ఇబ్బంది పెట్టవు, వాటితో కుదురుతుందేమో డాక్టరును అడగండి.

స్టెరాయిడ్ కొత్తగా మొదలుపెట్టిన మొదటి రెండు వారాల్లోనూ కొందరికి బలం తగ్గుతుంది. భయపడి మానేయకుండా ఇచ్చిన డాక్టరుకు ఫోన్ చేయండి. లాలాజలం కారుతూ కడుపులో మెలిపెడుతుంటే పిరిడోస్టిగ్మిన్ ఎక్కువైందేమో చూడాలి. థైరాయిడ్ తేడా కూడా కారణం కావచ్చు, ఆ సంగతి ఒక్క రక్తపరీక్షతో తేలిపోతుంది. ఛాతీలోని థైమస్ అనే గ్రంథిలో గడ్డ ఉందేమో చూడటానికి ఛాతీ సీటీ మొదట్లోనే తీసి ఉంటారు, తీయకపోతే తీయించండి.

ఒక్క గుక్కలో ఇరవై దాకా లెక్కపెట్టలేకపోతున్నా, ఉమ్మి మింగుడు పడకపోయినా, పడుకుంటే ఊపిరాడకపోయినా కారణాలు వెతుకుతూ కూర్చోవద్దు. వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి అప్పటికప్పుడు బయల్దేరండి. వేలికి పెట్టే మిషన్‌లో ఆక్సిజన్ 98 చూపిస్తోందని ఆగొద్దు. ఈ జబ్బులో ఆ అంకె చివర్లోగానీ పడదు.