పాత కారు కొన్నాక: 7వ పాఠం – స్టీరింగ్ బరువెక్కితే

పోయిన వారం ఇచ్చిన పని చేసే ఉంటారు. బానెట్ ఎత్తి, మూత మీద స్టీరింగ్ బొమ్మ ఉన్న చిన్న ఆయిల్ డబ్బా కనిపిస్తుందేమో చూడమన్నాను. కనిపిస్తే మీది హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్. ఇంజిన్ బెల్టుతో తిరిగే పంపు ఆయిల్‌ని ఒత్తిడితో రాక్‌లోకి (స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు చేరవేసే పళ్ల కడ్డీ, దాని గొట్టం) నెడుతుంది, ఆ ఒత్తిడే మీ చేతులకు సాయం. డబ్బా లేకుండా పవర్ స్టీరింగ్ ఉంటే దాదాపు ఖాయంగా ఎలక్ట్రిక్. అందులో ఆయిల్ ఉండదు, మోటారే చక్రాలను తిప్పడంలో తోడ్పడుతుంది. పాత ఇన్నోవా, బొలెరో మొదటి రకం. స్విఫ్ట్, ఐ10 రెండో రకం. ఈ ఎలక్ట్రిక్ రకం 1988లో జపాన్‌లో సుజుకి సెర్వో అనే చిట్టి కారుతో మొదలైంది కాబట్టి మన మారుతి కార్లలో ఎక్కువగా కనిపించడంలో వింత లేదు.

మీది ఏ రకమో తెలియకుండా షెడ్డుకు వెళితే అవతలివాళ్లు చెప్పిందే వేదం. "రాక్ పోయింది సార్" అనే మాటకు తల ఊపే ముందు చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. వాటిలో సగం పైసా ఖర్చు లేనివే.

ముందు రోడ్డు మీద సంగతి. బండి నడుస్తుండగా స్టీరింగ్ ఒక్కసారిగా బిగుసుకుంటే టెన్షన్ పడొద్దు. స్టీరింగుకూ చక్రాలకూ మధ్య ఇనుప లంకె అలాగే ఉంటుంది, పోయింది సాయం మాత్రమే. రెండు చేతులతో గట్టిగా పట్టి, వేగం తగ్గించి, ఇండికేటర్ వేసి పక్కకు తీయండి. బండి పూర్తిగా ఆగేదాకా తాళం తిప్పొద్దు. ఇంజిన్ ఆగితే రెండు మూడు తొక్కుల తర్వాత బ్రేకు కూడా బరువెక్కుతుంది. తాళం చెవి బయటికి లాగితే స్టీరింగ్ లాకే పడొచ్చు.

ఆగాక డాష్‌బోర్డు చూడండి. హైడ్రాలిక్ కారులో స్టీరింగ్ బరువెక్కడంతో పాటు బ్యాటరీ గుర్తు వెలిగితే బెల్టు తెగి ఉండొచ్చు. చాలా కార్లలో నీళ్ల పంపును తిప్పేదీ అదే బెల్టు. అలాంటప్పుడు "ఇంకో పది కిలోమీటర్లే కదా" అని నడిపితే ఇంజిన్ కాగిపోయి, చిన్న ఖర్చు కాస్తా పెద్దదవుతుంది.

ఇక ఇంటి దగ్గర పరీక్ష. రకం ఏదైనా ముందు టైర్లలో గాలి చూడండి. గాలి తగ్గితే స్టీరింగ్ బరువెక్కుతుంది, ఇంత చిన్న విషయం మర్చిపోయి స్కానర్ (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్ చదివే పరికరం) దాకా వెళ్లేవాళ్లున్నారు.

ఎలక్ట్రిక్ అయితే తర్వాతి అనుమానం బ్యాటరీ మీద. ఆ మోటారు కరెంటు బాగా లాగుతుంది, వోల్టేజీ పడిపోతే తనంతట తానే సాయం ఆపేసి లైటు వెలిగిస్తుంది. మల్టీమీటర్ పెట్టి చూడండి. రాత్రంతా నిలిపిన బండికి 12.5 వోల్టుల దగ్గర ఉండాలి, ఇంజిన్ ఆన్ చేశాక 14కు అటూఇటూగా రావాలి. టెర్మినళ్ల మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుంటే శుభ్రం చేసి బిగించి మళ్లీ చూడండి. ఇరుకు సందులో స్టీరింగ్ పదే పదే తిప్పాక బరువెక్కి, కాసేపటికి మామూలైతే అది మోటారు వేడెక్కి తనను తాను కాపాడుకోవడమే. ఇవన్నీ బాగున్నా లైటు పోకపోతే అప్పుడు స్కానర్. కోడ్ నంబరు కాగితం మీద రాయించుకోండి, ఇంకో షెడ్డులో అడగడానికి పనికొస్తుంది.

హైడ్రాలిక్‌లో ఆయిలే సగం కథ చెబుతుంది. డబ్బాలో మట్టం చూసి, తెల్లటి గుడ్డ మీద ఒక చుక్క వేయండి. చాలా కార్లలో కొత్త ఆయిల్ ఎర్రగా ఉంటుంది. నల్లబడి మాడు వాసన వస్తే మార్చే రోజు దాటిపోయినట్టే. నురగ కనిపిస్తే ఎక్కడో గాలి లాగుతోంది. మట్టం తగ్గితే పోసి ఊరుకోకండి, కారేచోటు వెతకండి. హోస్ పైపు అతుకులు తడిమాక, రాక్ రెండు చివర్లా ఉండే మడతల రబ్బరు బూట్లు చూడండి. స్టీరింగ్‌ను ఒకవైపు పూర్తిగా తిప్పి, ఇంజిన్ ఆపి, బూటును వేళ్లతో నొక్కండి. లోపల ఆయిల్ కదులుతున్నట్టుంటే రాక్ సీలు (ఆయిల్ కారకుండా ఆపే రింగు) పోయింది. పొడిగా ఉంటే, "రాక్ పోయింది" అన్న మనిషిని ఆయిల్ ఎక్కడ కారుతోందో వేలు పెట్టి చూపమనండి. ఒక జాగ్రత్త: డబ్బా మూత మీద ఏ ఆయిల్ రాసుంటే అదే పోయాలి. ఆయిల్ లేకుండా నడిపితే పంపు అరిగిపోతుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. ఆయిల్, బెల్టు, హోస్ పైపు, బ్యాటరీ భరించగలిగే ఖర్చులే. కొత్త రాక్ గానీ ఎలక్ట్రిక్ కాలమ్ (స్టీరింగ్ కింద మోటారుతో ఉండే కడ్డీ భాగం) గానీ అంటే లెక్క పదివేల పైనే మొదలవుతుంది. రాక్‌కు సీల్ కిట్ వేయించడం చవక. అయితే లోపలి కడ్డీ మీద తుప్పు, గీతలు లేకపోతేనే చేయించండి, లేదంటే కొత్త సీలునూ అది కోసేస్తుంది. రాక్ విప్పినప్పుడు కడ్డీ చూపించాలని ముందే మాట తీసుకోండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాత కాలమ్ సగం ధరకు దొరకొచ్చు. నేనైతే యాక్సిడెంట్ బండి నుంచి తీసిన కాలమ్ జోలికి పోను. ఇంకెక్కడో తెచ్చినదైనా బిగించాక స్కానర్‌తో సెన్సర్ సెట్ చేయాల్సి ఉంటుంది, అది చేయగలరో లేదో కొనే ముందే అడగండి.

బిల్లులో ఒక మెలిక ఉంది. ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. ఉదాహరణకు పార్టు ఎంఆర్‌పీ 20,000, కూలి 3,000 అనుకుందాం. కూలి మీద 18 శాతం జీఎస్టీ 540, మొత్తం 23,540. ఎంఆర్‌పీ మీద కూడా మళ్లీ 18 శాతం వేస్తే 3,600 అదనంగా గుంజినట్టు. ఎస్టిమేటులో పార్టు, కూలి విడివిడిగా రాయమని, పాత పార్టు తిరిగి ఇమ్మని అడగండి. రాక్ గానీ టై రాడ్ (రాక్‌ను చక్రానికి కలిపే కడ్డీ) గానీ కదిలించాక వీల్ అలైన్‌మెంట్ తప్పదు, దాన్నీ లెక్కలో కలపండి. అరుగుదల వల్ల వచ్చే రిపేరుకు మామూలు ఇన్సూరెన్స్ పనికిరాదు.

డబ్బు కట్టే ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబరు కొట్టి రీకాల్ ఉందేమో చూడండి. 2023 జూలైలో మారుతి 87,599 ఎస్-ప్రెసో, ఈకో బండ్లను స్టీరింగ్ టై రాడ్‌లో లోపం ఉండొచ్చని వెనక్కి పిలిచింది. 2024 ఆగస్టులో 2,555 ఆల్టో కె10లను స్టీరింగ్ గేర్‌బాక్స్ కోసం పిలిచి, పార్టు మార్చేదాకా నడపొద్దని చెప్పింది. ఇలాంటి పని కంపెనీ ఉచితంగానే చేస్తుంది, మీరు రెండో ఓనరైనా సరే. మొదటి ఓనరు చేయించాడో లేదో మీకు తెలియదు కదా!

ఈ వారం పని: ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఉన్నవాళ్లు ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ మెట్టుకు తిప్పి, స్టీరింగ్ లైటు వెలుగుతుందేమో చూడండి. వెలిగి, ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే అమ్మినవాళ్లు దాన్ని పీకేసి ఉండొచ్చు, స్కానర్ పెట్టించండి. హైడ్రాలిక్ వాళ్లు తెల్లగుడ్డ పరీక్ష చేయండి. వచ్చే పాఠం టై రాడ్ ఎండ్‌ల మీద.