తరగతి పద్ధతులు – మూడో పాఠం: లీడర్ చేతికి సుద్దముక్క ఇవ్వకండి

పోయిన పాఠంలో టీచర్లుగా మీ తరగతికి ఐదు నియమాలు రాయమంటే చాలామంది పన్నెండు దాకా పోయారు. అందులో సగం ‘లొల్లి చేయొద్దు’, ‘క్రమశిక్షణతో మెలగాలి’, ‘పెద్దలను గౌరవించాలి’ బాపతే. ఇవి గోడకు పనికొచ్చే సూక్తులు. నియమమన్నాక పిల్లలు పాటిస్తున్నారో లేదో గుమ్మంలోంచి చూస్తే తెలియాలి. ‘జవాబు చెప్పాలంటే చెయ్యెత్తాలి’ తెలుస్తుంది, ‘గౌరవించాలి’ తెలియదు. కంటికి ఆననివన్నీ కొట్టేయండి. నాలుగు మిగిలినా చాలు.

‘టైముకు రావాలి’ కనిపించే నియమమే. కానీ నర్సంపేట, మహబూబాబాద్ వైపు తండాల పిల్లలు ఎక్కేది పల్లెవెలుగు బస్సు. అది ఆలస్యమైతే వాళ్లేం చేస్తారు? అందుకే ఇక్కడ నియమం కాదు, పద్ధతి రాయాలి. ఆలస్యంగా వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి ‘మే ఐ కమిన్ సార్’ అనొద్దు. ఆ ఒక్క కేకకు నలభై తలలు తిరుగుతాయి, సగం చేసిన లెక్క అక్కడే తెగుతుంది. చప్పుడు లేకుండా వచ్చి తలుపు పక్క బెంచీలో కూర్చోవాలి, బోర్డు మీద ఉన్నకాడికి రాసుకోవాలి, హాజరు పీరియడ్ అయ్యాక వేయించుకోవాలి. ఆ బెంచీలో ఇద్దరికి జాగా జూన్‌లో బడి తెరిచిన రోజు నుంచే ఖాళీగా ఉంచండి.

ఇక లీడర్ సంగతి. సార్ బయటికి పోగానే లీడర్ బోర్డు మీద ‘మాట్లాడినవారు’ అని రాసి, కింద పేర్లు, పేర్ల పక్కన చుక్కలు పెడుతుంటాడు. దీన్ని మానేయమంటే ‘మరెలా సార్’ అని అందరిదీ ఒకటే ప్రశ్న. ఏమవుతుందో చూడండి. లీడర్ దోస్తుల పేర్లు బోర్డెక్కవు. పేరు ఎక్కినవాడికి ఇక పోయేదేం లేదు కాబట్టి ఇంకా గట్టిగా మాట్లాడతాడు. ‘నాది తుడువురా’ అని బేరం మొదలై అదే పెద్ద లొల్లి అవుతుంది. లెక్క ఇంటర్వెల్‌లో తేలుతుంది, దెబ్బలు లీడర్‌కే. మీరొచ్చాక మీరు చూడని తప్పుకు శిక్ష వేయాలి. గుంజీలు, గోడకుర్చీ వేయిద్దామంటే 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును రెండింటినీ నిషేధించింది. మీరు లేని పది నిమిషాలకు కావాల్సింది కాపలా కాదు, పని. బోర్డు కుడి మూలలో ‘సార్ రాకముందు’ అని గీత గీసి రోజూ రెండు లెక్కలో, ఐదు పదాలో ఉంచండి. రాగానే ముందు అవే చూడండి. చూడని రోజు నుంచి ఎవరూ చేయరు.

నోరు మూయించడానికి డస్టర్‌తో బల్ల బాదేవాళ్లు వారం తిరిగేసరికి ఇంకా గట్టిగా బాదాల్సి వస్తుంది. నాకైతే ఎత్తిన చెయ్యే ఇష్టం: మీరు చెయ్యెత్తితే పిల్లలూ మాట ఆపి చెయ్యెత్తాలి. అన్ని చేతులూ లేచేదాకా ఒక్క మాట కూడా మొదలుపెట్టొద్దు.

మూత్రానికి పోవడానికి గోడ మేకుకు రెండు చెక్కముక్కలు వేలాడదీయండి, ఆడపిల్లలకొకటి, మగపిల్లలకొకటి. ముక్క ఉంటే అడగక్కర్లేదు, తీసుకుని పోవడమే. అది లేదని ఎవరినీ ఆపొద్దు.

అభ్యాసం: ఆలస్యంగా రావడం, మీరు లేని పది నిమిషాలు, మధ్యాహ్న భోజనం వరుస. ఒక్కోదానికి ఐదు వాక్యాల పద్ధతి రాయండి. భోజనంలో చేతులు కడిగేది ఎక్కడ, ప్లేట్లు పట్టుకుని నిలబడేది ఎక్కడ, ఏ బెంచీవాళ్లు ముందు పోవాలి అన్నది ఉండాలి. రాశాక, పాఠాలు చెప్పని మనిషిని, ఇంట్లోవాళ్లయినా సరే, ఖాళీ గదిలో నిలబెట్టి చదివి వినిపించి అట్లనే చేయమనండి. ‘ఇప్పుడేం చేయాలె?’ అని ఎక్కడ ఆగితే అక్కడ వాక్యం తప్పింది. మూడూ ఎక్కడా ఆగకుండా నడిచేదాకా నాలుగో పాఠం తెరవకండి.