సంతలో గుర్రం కొంటున్నారా? బయానాకు ముందు చూడాల్సినవి

కార్తీక పౌర్ణమికి రాజస్థాన్‌లోని పుష్కర్, డిసెంబరులో దత్త జయంతికి మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా. పెళ్లి ఊరేగింపులకో, రైడింగ్ స్కూలుకో మార్వాడీ గుర్రం కావాలనుకునేవాళ్లు చూసే సంతలివి. అక్కడ బేరం గంటలో తెగిపోతుంది, పరీక్ష తెగదు. బయానా ఇవ్వక తప్పకపోతే ‘డాక్టర్ రిపోర్టు బాగుంటేనే కొనుగోలు’ అని కాగితం మీద రాయించుకోండి. ఆ డాక్టర్ కూడా మీరు పిలిపించుకున్న మనిషే కావాలి, దళారి చూపించిన మనిషి కాదు.

తెల్లారేసరికి, చెప్పకుండా వెళ్లండి. ముందే నడిపించి ఒళ్లు వేడెక్కిస్తే కీళ్ల బిగుతు బయటపడదు. కట్టేసిన చోట నిలకడగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాలి, ఊపిరి 8 నుంచి 16 సార్లు ఆడాలి, ఒంటి వేడి 37.5 నుంచి 38.5 సెల్సియస్ డిగ్రీల మధ్య ఉండాలి. సంత గోలకు గుండె కాస్త ఎక్కువ కొట్టుకుంటే పావుగంట ఆగి మళ్లీ చూడండి.

సుడులు చూడటంలో ఉన్న శ్రద్ధ గిట్టలు చూడటంలో ఉండదు మనకు. నాలుగూ ఎత్తించి, అడుగు గీకించి, కుళ్లు వాసన వస్తోందేమో చూడండి. గిట్ట మీది వలయాలు ముందువైపు దగ్గరగా, మడమవైపు ఎడంగా ఉంటే లామినైటిస్ (గిట్ట లోపలి పొరల వాపు) వచ్చిపోయిందని అనుమానించాలి. తర్వాత ట్రాట్ (చిన్న పరుగు) చేయించండి. పుష్కర్ మైదానం ఇసుక, అందులో కొద్దిపాటి కుంటు తెలియదు. రోడ్డు దాకా తీసుకెళ్లాల్సిందే. తాడు వదులుగా పట్టుకోవాలి, బిగపడితే తల ఊపు దాగిపోతుంది. ముందుకాలు నొప్పయితే ఆ కాలు ఆనినప్పుడు తల పైకి లేస్తుంది. వెనక కాలయితే ఆ వైపు తుంటి ఎక్కువగా ఎగిరిపడుతుంది. డాక్టర్ ఒక్కో కాలినీ నిమిషం పాటు మడిచిపట్టి, వదలగానే పరుగెత్తిస్తారు. మొదటి రెండు మూడు అడుగులు తడబడితే పరవాలేదు, కుంటు ఆగకపోతే ఎక్స్‌రే తీయించాలి.

వయసుకు పళ్లు. 5 ఏళ్లకు ముందుపళ్లన్నీ మారిపోతాయి. పై మూలపంటి (ముందుపళ్ల వరసలో చివరిది) మీద గాడి 10 ఏళ్లప్పుడు చిగురు దగ్గర మొదలై, 15కి సగానికి, 20కి చివరికి దిగుతుంది. ఒకటి రెండేళ్లు అటూ ఇటూ కావచ్చు.

రక్తం రెండు పరీక్షలకు తీయించండి. ఒకటి, లోపం దాచే మందులు ఇచ్చారేమో తెలియడానికి: నొప్పి తగ్గించే ఫినైల్‌బ్యూటజోన్ ఇస్తే కుంటు మాయమవుతుంది, మత్తుమందు ఎసిప్రొమజిన్ ఇస్తే పొగరుబోతు గుర్రం కూడా తల వాల్చి నిలబడుతుంది. రెండోది గ్లాండర్స్ అనే అంటురోగానికి. ముక్కులోంచి జిగట పసుపు చీమిడి, దవడ కింద గట్టి గడ్డ, కాళ్ల మీద వరస పుండ్లు కనిపిస్తే తొడుగుల్లేకుండా ముట్టుకోవద్దు, మనుషులకూ సోకుతుంది. టీకా లేదు. నిర్ధారణ అయితే గుర్రాన్ని చంపేయాల్సిందే. పైకి ఏ లక్షణమూ లేకుండానూ ఉండొచ్చు కాబట్టి, ప్రభుత్వ పశువైద్యాధికారి ద్వారా హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి నమూనా పంపి, ఫలితం వచ్చాకే లారీ ఎక్కించండి. ఇంటికి తెచ్చాక కూడా 3 వారాలు మిగతా గుర్రాలకు దూరంగా కట్టి, నీళ్ల బకెట్ విడిగా పెట్టండి.