వరంగల్‌లో ఉండి రేడియోకు, కార్టూన్ డబ్బింగ్‌కు గొంతు సిద్ధం చేసుకోవడం

నేరెళ్ల వేణుమాధవ్ పుట్టిన ఊరు కాబట్టి ఓరుగల్లులో మిమిక్రీ చేసేవాళ్లకు కొదవ లేదు. అయితే నాలుగు మాటలు పిల్లాడిలా అనడం వేరు, అదే గొంతును రెండు గంటలు నిలపడం వేరు. ముందు రేడియోలో చదివినట్టు పైకి చదవడం పట్టండి. ఊపిరి, ఉచ్చారణ అక్కడే కుదురుతాయి.

ఆకాశవాణి కేంద్రాలు క్యాజువల్ అనౌన్సర్ల కోసం ప్రకటనలు ఇస్తుంటాయి. రాత పరీక్ష, ఆపై స్వర పరీక్ష. ఇది ఉద్యోగం కాదు, డ్యూటీ వేసిన రోజుకే డబ్బు. స్వర పరీక్షలో దెబ్బతీసేవి ఒత్తులు, శ-ష-సలు: 'భాష' 'బాస' అవుతుంది, 'శనివారం' 'సెనివారం' అవుతుంది. రోజూ ఒక సంపాదకీయం తీసుకుని, ఊపిరి తీసుకోవాల్సిన చోట పెన్సిల్‌తో గీత పెట్టి, పైకి చదివి, ఫోన్‌లో రికార్డు చేసి వినండి. మన యాసను చంపుకోనక్కర్లేదు, రైతుల కార్యక్రమాల్లో, నాటికల్లో అది అక్కరకొస్తుంది. స్క్రిప్టుకు పిన్ను తీసేయండి. చదివిన కాగితాన్ని తిప్పకుండా పక్కకు జరపండి, లేకపోతే గరగర మైకులో పడుతుంది.

ఇంట్లో రికార్డింగ్‌కు బట్టలున్న బీరువా తెరిచి, దానికి ఎదురుగా కూర్చోండి. ఫ్యాను ఆపాలి. కాజీపేట వైపు ఇల్లయితే రైలు కూతలు లేని వేళ చూసుకోవాలి. మైకు జానెడు దూరంలో, నోటికి కొంచెం పక్కగా ఉంటే 'ప', 'ఫ', 'భ'ల గాలి దెబ్బ తగలదు. ఎంత గట్టిగా అన్నా రికార్డింగ్ మీటర్‌లో శబ్దం లెవెల్ మైనస్ 6 డెసిబెల్స్ దాటొద్దు. ఒకసారి పగిలిన శబ్దం మళ్లీ అతకదు.

కార్టూన్‌లో బొమ్మ నోరే యజమాని. నోరు మూడుసార్లు తెరిస్తే 'నేను వస్తున్నాను' పట్టదు, 'వస్తున్నా' అనాలి. పెదవులు మూసుకున్న చోట ప, బ, మ పడేలా మాట మార్చమని డైలాగ్ రైటర్‌ను అడగండి, తప్పు లేదు. చిన్నపిల్లల గొంతుకు పెదవులు నవ్వుతున్నట్టు సాగదీసి, మాటను నోటి ముందు భాగం నుంచి పలకాలి. గొంతు బిగిస్తే పావుగంటకే బొంగురుపోతుంది. అరుపులు, ఏడుపులు ఉంటే చివర పెట్టమనండి. మంట పుడితే ఆపేయాలి. గుసగుసగా మాట్లాడినా గొంతుకు విశ్రాంతి కాదు.

డెమో, అంటే స్టూడియోలకు వినిపించే నమూనా రికార్డింగ్, నిమిషంన్నర దాటొద్దు. మీ అసలు గొంతు ముందు, తర్వాత నాలుగు పాత్రలు, ఒక్కోటి 15 సెకన్లు. పేరున్న బొమ్మల అనుకరణలు వద్దు, ఆ గొంతులు స్టూడియోల దగ్గర ఇప్పటికే ఉన్నాయి. తెలుగు డబ్బింగ్ పని ఎక్కువగా జరిగేది హైదరాబాద్‌లోనే. మొదట దొరికేవి గుంపు గొంతులు, అంటే జనం అరుపులు, కేకల్లాంటివి. చేరేముందు డబ్బు ఎంత, ఎప్పుడు, డబ్బింగ్ కళాకారుల యూనియన్ కార్డు కావాలా అన్నవి అడగండి. సాయంత్రం పిలుపైతే తిరుగు రైలు వేళ కూడా చూసుకోండి.