పెద్దవాళ్ళ భుజాలు తెల్లవారేసరికి పట్టేస్తుంటే

మా అత్తయ్యకి డెబ్భై దాటాక పాలీమయాల్జియా రుమాటికా వచ్చింది. మందుల డబ్బా నా చేతికొచ్చాక తెలుసుకున్న నాలుగు ముక్కలు చెబుతాను. యాభై దాటినవాళ్ళకే వచ్చే వాపు జబ్బు ఇది, ఎక్కువగా డెబ్భైల్లో.

ముందు నొప్పి ఎక్కడ, ఎప్పుడు అని అడగండి. మోకాళ్ళ అరుగుదలైతే నడిచేకొద్దీ ఎక్కువవుతుంది. ఇందులో రెండు భుజాలు, మెడ, తుంటి, తొడలు పొద్దున్నే బిగుసుకుపోయి ముప్పావుగంట దాటినా వదలవు. అత్తయ్య చెయ్యి వెనక్కి పెట్టి జడ అల్లుకోలేకపోయేవారు, జాకెట్టు చేతులు నేనే తొడిగేదాన్ని. పదకొండింటికి చూస్తే కూర్చుని బెండకాయలు తరుగుతుండేవారు. ఇంతలోనే ఎలా తగ్గిందని అనుమానపడకండి, జబ్బు తీరే అంత.

రుమటాలజిస్ట్‌కి, అంటే కీళ్ళు, వాపు జబ్బులు చూసే డాక్టరుకి చూపించండి. ఒంట్లో వాపు ఉందేమో చెప్పే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలతో పాటు థైరాయిడ్, విటమిన్ డి కూడా చూస్తారు. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ వాడుతుంటే చెప్పాలి, దానివల్లా కండరాలు నొప్పెడతాయి. ఈలోపు వీధి చివర క్లినిక్‌లో నొప్పుల ఇంజెక్షన్ వేయించకండి. అందులో స్టిరాయిడ్ ఉంటే అసలు జబ్బు కప్పబడిపోతుంది.

మందు ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ మాత్ర. మామూలుగా రోజుకి 12.5 నుంచి 25 మిల్లీగ్రాముల మధ్య మొదలుపెడతారు. కొద్దిరోజుల్లోనే మనిషి లేచి తిరుగుతారు, చిక్కంతా ఆ తర్వాతే. నొప్పి పోయిందిగా అని మానేస్తే ప్రమాదం, ఎందుకంటే ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టిరాయిడ్ అప్పటికి పడుకుని ఉంటుంది. 10 మిల్లీగ్రాములకి దిగాక సుమారు నెలకొక మిల్లీగ్రాము చొప్పున, డాక్టరు చెబితేనే తగ్గించాలి. ఏడాది, రెండేళ్ళు పట్టడం మామూలే. మా వంటింటి క్యాలెండర్‌లో ఏ తేదీకి ఎంత డోసో రాసి, వేయగానే టిక్కు పెడతాను. వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి. ఆపరేషన్ ఏదైనా ఉంటే ఈ మందు సంగతి ముందే చెప్పండి.

పొద్దున వేసే స్టిరాయిడ్ షుగర్‌ని మధ్యాహ్నం తర్వాత పెంచుతుంది. పరగడుపు రీడింగ్ చూసి మురిసిపోకుండా సాయంత్రం కూడా చూడండి. ఎముకలకి కాల్షియం, విటమిన్ డితో పాటు వారానికో అలెండ్రోనేట్ మాత్ర రాయవచ్చు. దాన్ని పరగడుపున గ్లాసుడు మంచినీళ్ళతో వేసుకుని అరగంట పడుకోకూడదు, కాఫీ తాగకూడదు. మా ఇంట్లో ఆ అరగంటకే రోజంతటి గొడవ.

అన్నిటికన్నా ముఖ్యం కణతలు. ఈ జబ్బున్న కొందరికి జెయింట్ సెల్ ఆర్టరైటిస్ అని తలలోని రక్తనాళాలు వాస్తాయి. కొత్తగా తలనొప్పి, దువ్వెన తగిలితే మాడు నొప్పి, చపాతీ నాలుగు ముక్కలు నమిలేసరికి దవడ లాగేయడం, ఒక్క క్షణం చూపు మసకబారడం – వీటిలో ఏది కనిపించినా ఆ రోజే వెళ్ళాలి. చూపుకి తేడా వస్తే ఆదివారమైనా, అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకే. కంటికి రక్తం ఆగి పోయిన చూపు సాధారణంగా తిరిగి రాదు. అక్కడ స్టిరాయిడ్ రోజుకి 40 నుంచి 60 మిల్లీగ్రాములు, ఒక్కోసారి సెలైన్‌లో ఇంకా ఎక్కువ ఇస్తారు. కణత దగ్గరి రక్తనాళం నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపవచ్చు. ఆ రిపోర్టు వచ్చాకే మందు మొదలుపెడదాం అని మీరు మాత్రం అడ్డుపడకండి.