పాత ఈతకొలనుకు టైల్స్ - నాలుగో పాఠం: యాసిడ్ కంటే ముందు

గత పాఠంలో కొలనును ఖాళీ చేసి, పాచి కడిగి, గోడలనూ నేలనూ సుత్తితో తట్టి చూడమని చెప్పాను. ఆ తరువాత అందిన ప్రశ్నలలో అధికభాగం ఒకే విషయం గురించి: యాసిడ్ పోసినా పాత రంగు పోలేదు, ఇంకా చిక్కటి యాసిడ్ పోయవచ్చునా? పోయకూడదు. ఈసారి పగుళ్ళ మరమ్మతు మొదలుపెట్టవలసి ఉన్నది గాని, ఈ సంగతి తేలకుండా దానిలోకి దిగడం వృథా.

ఈ పనికి వాడే యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సిమెంటులోని సున్నపు పదార్థాన్ని తింటుంది. కొలను గోడలకు పూసే ఎపాక్సీ (ప్లాస్టిక్ వంటి గట్టి పొర కట్టే) రంగును గాని, క్లోరినేటెడ్ రబ్బరు (రబ్బరు వంటి పొర కట్టే) రంగును గాని, నూనె జిడ్డును గాని కదిలించలేదు. రంగు వేసిన గోడమీద నురగ వచ్చిందంటే, రంగు పొరలోని సన్నని చీలికల గుండా ఆమ్లం లోపలికి దిగి వెనుకనున్న సిమెంటును తినడం మొదలుపెట్టిందన్నమాట. నురగను చూసి శుభ్రపడుతోందని సంతోషించే మేస్త్రీలను చాలామందిని చూశాను. అలాంటి గోడకు టైలు అతికిస్తే జిగురు రంగును పట్టుకుంటుంది, రంగు మాత్రం గోడను పట్టుకోదు. కొలను నింపిన కొంతకాలానికి టైలు వెనుక రంగు పెచ్చుతో సహా ఊడి వస్తుంది. పైగా ఆమ్లంలోని క్లోరైడు కాంక్రీటులోకి ఇంకి ఇనుప చువ్వలను చేరితే తుప్పు త్వరపడుతుంది. ఇంకొక ప్రమాదం ఇంతకంటే పెద్దది: పాచి కోసం చల్లిన బ్లీచింగ్ పౌడరు మిగిలి ఉన్నచోట ఆమ్లం పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది; అది గాలికంటే బరువైనది కనుక గొయ్యి వంటి కొలను అడుగున, అంటే సరిగ్గా మనిషి నిలబడే చోటనే, పేరుకుంటుంది.

కాబట్టి రంగును యంత్రంతోనే తీయాలి. గ్రైండరు వేడికి రబ్బరు రంగు మెత్తబడి చక్రానికి అంటుకుంటుంది గనుక నాకు చిన్న చిప్పింగ్ మిషనే (ఉలితో పైపొరను చెక్కే యంత్రం) ఇష్టం. పెద్ద బ్రేకరు (కాంక్రీటును పగలగొట్టే యంత్రం) మాత్రం వద్దు. గట్టి కాంక్రీటులో కూడా కంటికి కనిపించని చీలికలు తెస్తుంది. డొల్ల శబ్దం వచ్చిన ప్లాస్టరింగును గట్టి అంచు తగిలేదాకా కొట్టివేయాలి. తుప్పు పట్టిన చువ్వ బయటపడితే, దాని వెనుక వేలు దూరేంత సందు వచ్చేదాకా కాంక్రీటు తీసి, చువ్వను వైరు బ్రష్షుతో మెరిసేలా రుద్దాలి. దుమ్మును ఊడ్వకండి, అది రంధ్రాలలో కూరుకుపోతుంది. ఒత్తిడితో నీళ్ళు కొట్టి కడగండి.

రంగు పూర్తిగా పోయిందో లేదో నీటి చుక్కే చెబుతుంది. ఆరిన గోడమీద చుక్కలు చల్లినప్పుడు కాంక్రీటు నల్లబడి నీటిని పీల్చుకుంటే సరే. చుక్క గుండ్రంగా నిలిచినా జారిపోయినా అక్కడ రంగో, జిడ్డో, పాత వాటర్‌ప్రూఫింగో ఇంకా ఉన్నట్టే. ఈ పరీక్ష నెగ్గిన కొలనుకు చాలాసార్లు ఆమ్లంతో పనే ఉండదు. ఉపరితలంపై తెల్లని సున్నపు పొర ఉన్నచోట తప్పనిసరైతే, గోడను ముందుగా తడిపి, పది పాళ్ళ నీటిలో ఒక పాలు ఆమ్లం కలిపి (నీటిలోకే ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీరు పోయరాదు) వాడి, వెంటనే వంటసోడా నీటితోనూ, తరువాత మంచినీటితోనూ కడగాలి. ఇదివరకే ఆమ్లం పోసినవారు కూడా ఇదే విధంగా వంటసోడా నీటితోనూ, మంచినీటితోనూ కడిగి, ఆరనిచ్చి, రంగు తీయడం నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి.

అభ్యాసం: కొలను లోపలంతా సుద్దతో మీటరు గళ్ళు గీసి, ప్రతి గడికీ అంకె వేసి, అదే పటం కాగితంపై గీయండి. ప్రతి గడిలో అయిదు చోట్ల సుత్తితో తట్టి, మూడు చోట్ల నీటి చుక్కలు చల్లి ఫలితం రాయండి. మూలలూ, మెట్ల అంచులూ, దీపాల చుట్టూ ఉన్న చోటూ వదలవద్దు. ఒక్క చుక్క నిలిచినా ఆ గడి మొత్తాన్ని మళ్ళీ చిప్పింగ్ చేయాలి. ఈ పటం అయిదో పాఠంలో పగుళ్ళకు గాడి కొట్టేటప్పుడు కావాలి.